లేమిలో పుట్టి, లెక్కలో నిలిచి

పుస్తకములో లేని కూరను ఇంటిలో కల్పించుకొనుట తెలుగువారికి తరతరాల అలవాటు. ఆ కల్పనకు వెనుకనున్న అవసరమేమి, దాని క్రమమేమి, హద్దులేమి?

తెలుగువాని విస్తరినుండి మిరపకాయను, వేరుసెనగను, టమాటాను, బంగాళాదుంపను ఏరి ప్రక్కకు పెట్టినచో మిగులునది ఎంత యని ఎవరైన ఒకనాడు తీరికగా ఆలోచించి చూతురేని, మనము సనాతనమనుకొనుచున్న వంటలో నూతనపు పాలు ఎంతయున్నదో తెలిసి విస్మయము కలుగక మానదు. ఈ నాలుగును అమెరికా ఖండములలో పుట్టినవి. 1498లో వాస్కో డ గామా కాలికట్టు తీరమునకు చేరిన పిదప పోర్చుగీసువారి ఓడలవెంటను, తరువాత తక్కిన ఐరోపా వర్తకులవెంటను మన దేశమునకు వచ్చినవి. కావున మిరపకారము తగులని గోంగూర పచ్చడిని, పల్లీల పొడి కూరని గుత్తివంకాయను, టమాటా పడని పప్పును తిని తృప్తిగా త్రేన్చినవారే మన పూర్వులు. పల్నాటి జొన్నకూటిని చాటువులలో ఎత్తిపొడిచిన శ్రీనాథుడు సర్వరుచులు ఎరిగిన భోగియే యైనను, నేడు మనము వేసవిలో జాడీలకెత్తు ఎర్రని ఆవకాయను ఆయన నాలుక ఎరుగదు.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంట అతిథులకు ఋతువును బట్టి జరిగిన వడ్డనలను వర్ణించెను. వానకాలమున వడియములు, వరుగులు. చలికాలమున మిరియపు పొడి చల్లిన పొగలు చిమ్ము కూరలు, ముక్కునకు ఘాటెక్కు ఆవ పచ్చళ్లు. వేసవిలో పలుచని అంబళ్లు, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్లు. ఆ వడ్డనలో కారమునకు మిరియమును ఆవయును తప్ప వేరొక దిక్కు లేదు. ఆ కాలమునకు సమీపముననే మిరప మన తీరములలో అడుగుపెట్టినది; పచ్చగా పుట్టి ఎర్రగా పండు ఆ వింతకాయను గూర్చిన కీర్తన యొకటి పురందరదాసు పేర ప్రచారములోనున్నది. పిమ్మట ఏ ఊరి ఏ ఇల్లాలు, ఏ మధ్యాహ్నపు వేళ, మిరియము వేయవలసిన చోట ఈ కాయను నూరి, భయభయముగా నాలుకకు తాకించుకొని చూచినదో చరిత్రకారు లెవ్వరును వ్రాసి పెట్టలేదు. అయినను ఆంధ్రుల వంట చరిత్రలో అంతకు మించిన సాహసకార్యము మరియొకటి కానరాదు.

తద్దినపు వంట చెప్పు సాక్ష్యము

ఈ మార్పునకు సాక్ష్యము వెదకుటకు గ్రంథాలయములకు పోనక్కరలేదు. పితృకార్యమునాటి వంటింటికి పోయిన చాలును. చాలా ఇండ్లలో నేటికిని ఆనాడు మిరపకాయకు ప్రవేశములేదు, మిరియమే కారము. పెద్దలు ఇంగ్లీషు కూరలని పిలుచు క్యాబేజీ, కాలీఫ్లవరు, క్యారెట్టు, బీన్సు మొదలగునవియు, వానితోడనే టమాటాయు బంగాళాదుంపయు ఆనాటి కూరల బుట్టలో చేరవు. అరటికాయ, కంద, చేమ, పెసరపప్పు, మినుములు, నువ్వులు మాత్రమే పొయ్యి దగ్గరకు వచ్చును. మిగిలిన దినములలో కొత్తవానిని ఇంపుగా తినుచు, ఆ ఒక్క దినమున మాత్రము వానిని గడపకు ఆవల నిలుపు ఈ నియమము, ఏవి పాతవో ఏవి కొత్తవో మనవారికి చక్కగా తెలియునని చాటుచున్నది. తెలిసియే కొత్తవానిని ఇంటిలోనికి తెచ్చుకొన్నారు. తెచ్చుకొని, నెమ్మదిగా తమవి చేసికొన్నారు.

మనము తొలినుండి ఇట్లే ఉన్నదని నమ్ము ఇడ్లీ కథయు ఇట్టిదే. సుమారు 920 ప్రాంతపు కన్నడ గ్రంథమైన వడ్డారాధనెలో ఇడ్డలిగె పేరు కనబడును. పండ్రెండవ శతాబ్దిలో పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో ఇడ్డరిక యున్నది. కాని ఆ వంటకము మినప్పిండితో చేసినది. బియ్యపు రవ్వ ప్రసక్తి అందు లేదు. మినుములకు బియ్యము జతచేసి, రాత్రియంతయు పులియబెట్టి, ఆవిరిపై ఉడికించుట ఆ తరువాతి చేతులు కల్పించినదే. ఆ చేతుల పేర్లు మనకు దక్కలేదు; ఇడ్లీ మాత్రము దక్కినది.

లేమి నేర్పిన పాఠము

ఇంటివంటలో కొత్తదనము చాలవరకు సరదాకొరకు పుట్టదు; ఇంటిలో ఏదో ఒకటి లేకపోవుటవలన పుట్టును. బీరకాయ కూరకు పోగా మిగిలిన పొట్టును పారవేయుటకు మనసొప్పని ఇల్లాలు దానిని నువ్వులతో వేయించి నూరగా బీరపొట్టు పచ్చడి యైనది. వేడి పెనము ముందు కూర్చుండి ఒక్కొక్క రొట్టెను ఒత్తు తీరిక లేనినాడు, బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి, ముద్దను గిన్నె అడుగుననే అద్ది, వ్రేళ్లతో చిల్లులు పొడిచి, అందు నూనె చుక్కలు వేసి, మూతపెట్టి కాల్చుకొను సౌకర్యము తెలంగాణపు సర్వపిండిలో నున్నది. అనంతపురము, కర్నూలు జిల్లాలలో బొరుగులను నీట తడిపి, పిండి, పోపు వేసిన ఉగ్గాణి పావుగంటలో పదిమంది ఆకలి తీర్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున 1942లో బర్మా జపానువారి వశమై, అచ్చటి బియ్యము రాక ఆగిపోయి దేశమున కరవు ఏర్పడినది. ఆ యుద్ధపు రోజులలోనే బియ్యమునకు బదులు బొంబాయిరవ్వతో ఇడ్లీ వేసి చూచితిమని బెంగళూరులోని మావళ్లి టిఫిన్ రూమ్స్ వారు చెప్పుకొందురు. ఆ రవ్వ ఇడ్లీని యుద్ధము ముగిసినను జనులు విడువలేదు.

ఈ లేమి నేడు సముద్రముల కావలకూడ పనిచేయుచున్నది. అమెరికాకు మొదట పోయిన తెలుగు కుటుంబములకు గోంగూర గాని, పుల్లని మామిడికాయ గాని సులభముగ దొరకు దినములు కావు అవి. మసాచుసెట్స్, విస్కాన్సిన్ రాష్ట్రముల చిత్తడి తోటలలో శరత్కాలమున కోతకు వచ్చు క్రాన్‌బెర్రీ యను ఎర్రని చిరుకాయ నవంబరు నెలలో అచ్చటి అంగళ్లనిండ రాసులు పడియుండును. ఆ దేశమువారు దానిని పంచదారతో ఉడికించి తిందురు. మనవారు దానితో పప్పు వండిరి, పచ్చడి నూరిరి, పులిహోర కలిపిరి. ఈ సంగతిమీద ఒక అత్తగారికిని కోడలికిని దూరవాణిలో జరిగిన మాటలు నేను విన్నవి ఇట్లున్నవి.

“అత్తయ్యా, ఇక్కడ ఎర్రటి కాయలు వచ్చాయి. నోట్లో పెట్టుకుంటే పళ్లు జివ్వుమంటున్నాయి.”

“మన వాక్కాయలా ఉందా?”

“పులుపు అదే. వగరు ఇంకాస్త ఎక్కువ.”

“అయితే పప్పుతో పాటు కుక్కర్లో పడెయ్యకు తల్లీ. పోపులో విడిగా మగ్గించు. కాయ చిట్లాక ఉడికిన పప్పు కలుపు. వగరు విరగడానికి చిన్న బెల్లం ముక్క వెయ్యి.”

ఆ అత్తగారు క్రాన్‌బెర్రీని కన్నెత్తి చూచినదికాదు. అయినను ఆమె అడిగిన ఒకే ప్రశ్నలో ఇంటివంట కల్పనాశాస్త్రమంతయు ఇమిడియున్నది. ఈ వస్తువు దేనివంటిది? దాని చుట్టములు మనకు తెలియునా? తెలిసినచో, వానితో వ్యవహరించినట్లే దీనితో వ్యవహరింపవచ్చును. అచ్చటి వసంతకాలమున దొరకు రూబార్బ్ యను కాడను చుక్కకూరకు బదులుగా పప్పులో వేసినవారును ఇదే త్రోవను నడిచిరి. వృక్షశాస్త్రము ప్రకారముకూడ రూబార్బ్, చుక్కకూర ఒకే కుటుంబములోనివి. అయితే దాని కాడ మాత్రమే తినదగినది, ఆకు విషము. చుట్టరికము త్రోవ చూపునే గాని, విచారణ అక్కరలేకుండ చేయదని ఈ ఒక్క ఉదాహరణమే హెచ్చరించుచున్నది.

ప్రతి దినుసునకు ఒక ఉద్యోగము

పద్యమునందు గణముల స్థానము స్థిరమై, అందు నిలుచు పదములు కవి ఇచ్ఛకు లోబడియుండునట్లు, కూరలో పులుపునకు, కారమునకు, కమ్మదనమునకు, చిక్కదనమునకు తావులు ముందే ఏర్పడియుండగా వానిని నింపు వస్తువులను మార్చుటయందే వంటవాని స్వాతంత్ర్యము కలదు. పులుపు తావునే చూడుడు. చింతపండు, మామిడికాయ, చింతచిగురు, గోంగూర, చుక్కకూర, వాక్కాయ, ఉసిరి, నిమ్మ, దబ్బ, పుల్లమజ్జిగ ఇవి యన్నియు అందు కూర్చుండదగినవే. కాని ఒకదాని స్థానమున మరియొకదానిని కూర్చుండబెట్టునపుడు వేయవలసిన వేళ మారును. చింతపండు పులుసు ఎంత మరిగిన అంత కుదురును. నిమ్మరసము మరిగినచో చేదెక్కును, దాని పరిమళము పోవును. కావున దానిని పొయ్యి దింపిన పిదపనే పిండవలెను. మజ్జిగ మంటమీద విరిగిపోవును. సెనగపిండినో బియ్యప్పిండినో కలిపి, గరిటె ఆపక తిప్పినప్పుడే మజ్జిగపులుసు నిలుచును.

మరియొక నియమము. పప్పు మెత్తబడకముందు పులుపు తగిలినచో ఎంతసేపు ఉడికించినను పలుకు విడువదు. గింజ గోడలలోని పెక్టిన్ పులుపులో సులభముగ కరుగకపోవుటయే ఇందులకు కారణము. మన అమ్మమ్మలు పెక్టిన్ పేరు వినలేదు గాని, పప్పు ఎనిపిన తరువాతనే పులుసు పోయవలెనని ఎరుగుదురు. పసుపు రంగును, మిరప ఘాటును, పోపు దినుసుల సువాసనలును నూనెలో బాగుగా కరుగునవి. నీటిలో అంతగా కరుగవు. చారు చివర చెంచాడు నేతిలో పోపు పెట్టినంతనే గిన్నెయంతయు పరిమళించుటకును, కారము మండిన నోటికి నీళ్లకంటె పెరుగన్నము హాయి నిచ్చుటకును మూలము ఇదియే.

ఈ ఉద్యోగముల జ్ఞానము లేకుండ పేర్లను మాత్రమే మార్చినచో కల్పన కలగూరగంప యగును. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినపుడు ఎన్నియో ఇండ్లలో బియ్యము తీసి కొర్రలు వేసి పులిహోర కలిపిరి. కొర్రలను ముందుగా నానబెట్టి, వార్చి, పళ్లెములో పరచి చల్లార్చినవారికి అది పలుకు పలుకుగా విడి నోరూరించినది. బియ్యమువలెనే చూచి వేడివేడిగా కలిపినవారికి ముద్దయై చేతికంటుకొన్నది. పైగా తాము కొత్తవంట చేసితిమని మురిసిన ఆ చిన్నవారిని చూచి, కొర్రన్నము తిని పెరిగిన ముసలివారు లోలోపల నవ్వుకొనియుందురు.

పుచ్చకాయ తొక్క ఆవకూర

ఇంతవరకు చెప్పినది ఒక గిన్నెలో పెట్టి చూతము. వేసవిలో ప్రతి ఇంటను పుచ్చకాయ ఎర్రగుజ్జు తిని, మందమైన తొక్కను పశువులకో, చెత్తబుట్టకో వేయుదురు. పైని ముదురుపచ్చ చెక్కును, లోని ఎరుపును తీసివేయగా మిగులు తెల్లని దళము దోసకు, సొరకు, బూడిదగుమ్మడికి దాయాది. కావున ఆ కూరలు సహించునవి యెల్ల ఇదియు సహించును. దానికి స్వంతరుచి అల్పము. ఉన్నదంతయు దాదాపు నీరే. అల్పరుచి గలదానికి ఘాటైన తోడు కావలెను. కనుక ఆవ పెట్టుట యుక్తము.

తెల్లని ముక్కలు అరకిలో తీసికొని, మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, ముక్కలు, చిటికెడు పసుపు, ఉప్పు వేసి మూతపెట్టవలెను. నీరు ఒక్క చుక్కయు పోయరాదు. ఉప్పు తగులగనే ముక్కలే నీరు విడుచును. ముక్క మెత్తబడి, నీరు ఇగురుచుండగా 10 గ్రాముల చింతపండు నానబెట్టి తీసిన చిక్కని పులుసు పోయవలెను. ముందే పోసినచో, పప్పు విషయమున చెప్పిన కారణముచేతనే ముక్క గట్టిపడియుండును. ఈలోగా ఒక టీస్పూను ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిన్న అల్లపు ముక్క కొద్ది నీటితో మెత్తగా నూరి ప్రక్కనుంచవలెను. ఆవగింజలో ఘాటు సిద్ధముగా ఉండదు. గింజ నలిగి, నీరు తగిలినపుడు అందలి ఎంజైము పనిచేసి ఆ ఘాటును పుట్టించును. తీవ్రమైన వేడి ఆ ఎంజైమును చంపును, పుట్టిన ఘాటును ఆవిరిచేయును. పోపులో చిటపటలాడిన ఆవాలు ముక్కునకు ఎక్కకపోవుటయు, నూరిన ఆవ కన్నీరు తెప్పించుటయు ఇందువలననే.

కావున కూర పొయ్యిమీదినుండి దింపి, గోరువెచ్చనగు వరకు ఆగి, అప్పుడు ఆవముద్ద కలిపి, సెనగపప్పు, మినపప్పు, ఇంగువ, కరివేపాకు పోపు వేసి మూతపెట్టవలెను. వెంటనే వడ్డింపరాదు, అరగంట ఊరిన పిదప ముక్క ఘాటును పీల్చుకొనును. తొక్కకు తీపు తగిలియున్నచో చింతపండు మరి కొంచెము పెంచవలెను. ఇదే కూరను ఆవకు బదులు నువ్వులపొడితో చేసినచో కమ్మని కూరయు, పెసరపప్పు కలిపి వండినచో పిల్లలు తిను కూరయు అగును. ఒక్క తావు మారగా వంట మూడైనది.

స్వేచ్ఛకు హద్దులు

రుచి విషయమున ఎంత చనువైనను తీసికొనవచ్చును. ఆరోగ్య విషయమున తీసికొనరాదు. ఊరగాయలో ఉప్పు కేవలము రుచికొరకు కాదు. ముక్కలోని తడిని బంధించి, సూక్ష్మజీవులు పెరుగకుండ కాచునది అదియే. రక్తపోటు భయముచేత ఆవకాయలో ఉప్పు సగము చేసి, ఏడాదికి నిలువ పెట్టుట అవివేకము. ఉప్పు తగ్గింపవలెనన్న కొద్దిగా కలిపి, ఫ్రిజ్‌లో ఉంచి, వారము పదిదినములలో ముగింపవలెను. సొరకాయ, దోసకాయ, పొట్లకాయ తరుగునపుడు ఒక చిన్న ముక్క కొరికి చూచు పెద్దల అలవాటు చాదస్తము కాదు; సొర చేదుగా ఉన్నచో అందలి కుకుర్బిటసిన్లు తీవ్రమైన వాంతులు కలిగించి ప్రాణమునకు ముప్పు తేగలవు, బెల్లము వేసి కప్పిపుచ్చినను ఆ విషము పోదు. రాజ్మా గింజలను రాత్రియంతయు నానబెట్టి, ఆ నీరు పారబోసి, తెర్ల మరిగించియే వండవలెను. సన్నని సెగమీద అరకొరగా ఉడికినవి కడుపును చెరచును. కంద దురద పెట్టుటకు అందలి సూదులవంటి స్ఫటికములు కారణము. చింతపండు తోడు లేక కందజోలికి పోరాదన్న మాట ఆ అనుభవమునుండి వచ్చినదే. ఎవరో తిని బాధపడిన ఫలితముగా ఏర్పడిన ఇట్టి నియమములను మార్చి చూచుటకు ఇంటిలోని పిల్లల పళ్లెము ప్రయోగశాల కారాదు.

తీర్పు ఎవరిది?

కొత్తకూరకు తొలిసారి లభించు మెప్పు నమ్మదగినది కాదు. వండినవారి ముఖము చూచి బాగున్నదనువారు కొందరు, వింతకొరకు తినువారు కొందరు. మరునాడు ఎవరును అడుగకున్నను, వారము గడచిన పిదప “మొన్నటి ఆ కూర మళ్లీ ఎప్పుడు చేస్తావు పిన్నీ?” అని ఇంటిలోని ఏ కుర్రవాడైనను అడిగెనేని, అదియే తీర్పు. ఆ ప్రశ్న వచ్చునాటికి కొలతలు గుర్తుండవలెను. ఇచ్చటనే చాలామంది కల్పన నీరుగారిపోవును. చేతివాటము, కంటి అంచనా గొప్పవే. కాని అవి ఆ చేతితోనే పోవును. రాళ్లుప్పు చెంచాడును, మెత్తనుప్పు చెంచాడును ఒకే తూకము తూగవు. రాళ్లుప్పునకు వ్రాసిన చెంచా కొలతను మెత్తనుప్పుతో పాటించినచో కూర ఉప్పుకషాయమగును. కనుక తూచి వ్రాసికొనుట మేలు. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయుట అంతకంటె మేలు. పులుపు, పొడి, పోపు మూడింటిని ఒకేమారు మార్చినచో మెప్పు దేనికి వచ్చినదో, తప్పు దేనివలన జరిగినదో పరమేశ్వరునికైన తెలియదు.

ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనము శీర్షికను దశాబ్దములపాటు నడిపిన మాలతీ చందూర్ వంటలు-పిండివంటలు గ్రంథము వ్రాసి తెలుగు ఇండ్లకు చేసిన మహోపకారము ఈ విషయమునకు సంబంధించినదే. తల్లి ప్రక్కన నిలిచి నేర్చుకొను అవకాశము లేక, ఉద్యోగములవెంట దూరదేశములకు పోయిన కొత్త కాపురములవారికి ఆ పుస్తకము తల్లికి మారుగా నిలిచినది. పుట్టింట లేనివంటలను పెక్కుమంది అందు నేర్చిరి. నేర్చినవానిని అంచులలో పెన్సిలుతో దిద్ది తమ ఇంటికి తగినట్లు మార్చుకొనిరి. అచ్చైన వంటకు చేర్చిన ఆ పెన్సిలు గీతలే ఇంటిలోని కల్పనకు తొలి ప్రచురణ.

కావున ఆదివారమునాడు కూరల బుట్టలో అడుగున మిగిలినదేదో తీసి చూడుడు. అది దేనికి దాయాదియో విచారింపుడు. ఒక్క తావు మార్చి వండుడు. నచ్చినచో తూకములతో సహా ఒక కాగితమున వ్రాసి పెట్టుడు. మీరు ఊరికి పోయిననాడు ఆ కాగితము చూచి మీ భర్తగారో, మీ అబ్బాయియో ఆ కూర వండి, తిన్నవారు చేయి మారినదని కనిపెట్టలేకపోయిరేని, నాటితో ఆ వంట మీ సొత్తు కాక ఇంటి సొత్తు అగును. ఒక తరమువారు వండి చూచిన వందలలో అట్లు రెండు మూడు నిలిచినను చాలును. ఆ ఇంటి వంట ఆ మేరకు పెరిగినట్లే.